రాసిందీ మీరే, కొనుక్కునేదీ మీరే!

2001లో ఆపిల్ ఐపాడ్ తెచ్చిన రోజే టెక్ వార్తల సైట్ స్లాష్‌డాట్ వ్యవస్థాపకుడు రాబ్ మాల్డా పెదవి విరిచేశారు: వైర్‌లెస్ లేదు, నోమాడ్ ప్లేయర్ కన్నా జాగా తక్కువ, తీసికట్టు సరుకు! ఐపాడ్ కోట్లలో అమ్ముడుపోయింది. అయినా ఆ రోజుల్లో స్లాష్‌డాట్‌లో లింకు పడిందంటే చాలు, జనం పోటెత్తి అవతలి సర్వర్ చతికిలబడేది.

తర్వాత డిగ్ అనే సైట్ వంతు. ఏ వార్త పైకెక్కాలో అక్కడ పాఠకుల ఓట్లే తేల్చేవి. 2010 ఆగస్టులో కొత్త డిజైన్ వచ్చి ప్రచురణ సంస్థల లింకులకు పెద్దపీట వేసింది. ఒళ్లు మండిన పాఠకులు డిగ్ మొదటి పేజీని పోటీ సైట్ రెడిట్ లింకులతో నింపేసి, మూటాముల్లె సర్దుకుని అటే పోయారు.

రెడిట్ తక్కువ తిందా? 2023లో బయటి యాప్‌లు తన సమాచారం వాడుకునే దారికి, అంటే ఏపీఐకి, ధర కట్టింది. జీతం లేకుండా కాపలా కాసే మోడరేటర్లు వేల గ్రూపులకు తాళాలేశారు. తెరవకపోతే మిమ్మల్నే మారుస్తామంది యాజమాన్యం. తాళాలు చాలావరకు ఊడాయి, రెడిట్ చదవడానికి బయటివాళ్లు చేసిన అపోలో యాప్ మూతపడింది.

2024లో రెడిట్‌లో జనం రాసిన కబుర్లే ఏఐ శిక్షణకని గూగుల్‌కు అమ్ముడుపోయాయి. మార్చిలో రెడిట్ షేర్లు న్యూయార్క్ మార్కెట్‌కెక్కాయి. ఏళ్ల తరబడి ఊరికే రాసి, ఇతరుల ఓట్లతో వచ్చే కర్మ పాయింట్లు కూడబెట్టినవాళ్లకూ యాజమాన్యం ఓ వరమిచ్చింది: సొంత డబ్బుతో షేర్లు కొనుక్కోవచ్చట!