గడులలో సిరిసిల్ల

ప్రజలు ఏ పని చేసి బ్రతుకుచున్నారో తెలిసికొనుటకై పూర్వకాలపు రాజులు మారువేషములు ధరించి రాత్రివేళల వీథులవెంట తిరుగుచుండెడివారట. నేటి ప్రభుత్వములకు అట్టి ప్రయాస లేదు. నిలువుగీతలు కొన్ని, అడ్డుగీతలు కొన్ని గీచి, వ్యవసాయము, పరిశ్రమ, సేవలు అను మూడు శీర్షికలు పెట్టి, వాని క్రింద జనులను వరుసగా కూర్చుండబెట్టినచో, ఒక ప్రాంతపు ఆర్థికవ్యవస్థ యావత్తు ఒక్క పుటలో ఇమిడిపోవును. ఈ పట్టికలయందు నాకు అపారమైన గౌరవము కలదు. ఎంతటి ఆకలిగొన్నవాడైనను ఒక గడిలో పడినంతనే శాతముగా మారిపోవును గదా. శాతమునకు ఆకలి యుండదు.

మానేరు ఒడ్డున నున్న సిరిసిల్ల పట్టణము ఈ శాస్త్రాభ్యాసమునకు మిక్కిలి అనువైన క్షేత్రము. పాతికవేలకు పైబడిన మరమగ్గములు, ఊరివారి మాటలో సాంచెలు, రేయింబవళ్ళు మ్రోగుచుండు ఆ ఊరిలో జనుల వృత్తి యేమో తెలియుటకు చెవులున్న చాలునని పామరులు భ్రమపడుదురు. చట్టము అంత తేలికగా నమ్మదు. విద్యుచ్ఛక్తితో యంత్రములు నడుచు చోట పదుగురైనను పనివారుండినగాని దానిని ఫ్యాక్టరీ యనరాదని 2025 వరకు అమలులో నుండిన 1948 నాటి శాసనము చెప్పెను. కావున ఆసామి షెడ్డులో ఒక్కొక్కడు ఎనిమిదేసి సాంచెలకు కాపలా కాయుచు, దుమ్ము పీల్చుచు, పండ్రెండుగంటలు నిలిచి పనిచేయు ఆ ఇద్దరు ముగ్గురు మనుష్యులు ఎక్కడ నున్నారో చెప్పుట కష్టము. ఫ్యాక్టరీలో మాత్రము లేరు. అవే సాంచెలు కరెంటు బిల్లునందు నిర్ణీత అశ్వశక్తికి లోబడినంతకాలము కుటీరపరిశ్రమ, మీరిన మరునాడే పరిశ్రమ. మోత మాత్రము ఈ భేదము నెరుగక, అన్ని శాఖలకును ఒక్క తీరుగనే వినబడుచున్నది.

ఇక జనగణన శాఖవారు సాధించిన ఘనకార్యము వేరు. 1991 లో శ్రామికులను తొమ్మిది తరగతులుగా విభజించి చూపినవారు, 2001 నాటికి అంత విభేదము జాతికి మేలు కాదని తలచిరో యేమో, నాలుగింటితో సరిపెట్టిరి: సేద్యగాండ్రు, వ్యవసాయకూలీలు, గృహపరిశ్రమలవారు, ఇతరులు. ఈ కడపటి గడి యొక మహాసముద్రము. షెడ్డులో సాంచె నడుపు కార్మికుడు, వానికి నూలునిచ్చు సేటు, జిల్లా కలెక్టరు, వేములవాడ రాజన్న కోవెలలోని అర్చకస్వామి, ఆ కోవెలముందు కొబ్బరికాయలమ్ము వర్తకుడు, అందరును అందు ఇతరులే. ఎన్ని ఉద్యమములు, ఎన్ని విప్లవములు తలపెట్టియు తేజాలని సమసమాజమును గణాంకశాఖవారు ఒక్క గీతతో తెచ్చిరనగా, వారికి మనము చేయదగిన సన్మానము చేయకపోవుట కృతఘ్నత.

ఆ ఊరిలో ఒక ఇంటిని ఊహింతము. తండ్రి సాంచెపై నేసిన బట్టకు మీటరు లెక్కన వారమునకొక మారు బట్వాడా పొందును. నూలు రాని వారము సాంచె ఆగును, బట్వాడా యాగును, పట్టికలో ఆయన ఉపాధి మాత్రము ఆగదు. తల్లి చాట ఒడిలో నుంచుకొని తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారము చుట్టును. లెక్కలవారు వచ్చి ఆమెను "ఏం పని చేస్తవమ్మా?" యని యడిగినచో, "పనేముంది సారూ, ఇంట్లనే ఉంట, బీడీలు చేస్త" ననును. ఆ సమాధానములోని మొదటి సగము వినినవారు ఆమెను ఇంటిపనులకై కేటాయించిన 92 వ సంకేతమున వ్రాసికొని, శ్రామికలోకము నుండియే తొలగింతురు. ఓపికతో రెండవ సగము గూడ వినినవారు గృహపరిశ్రమ యందురు. బీడీ కార్మికులకై 1966 లోనే పార్లమెంటు ప్రత్యేక చట్టము చేసినమాట నిజమే కాని, తన పేర పాసుపుస్తకము లేక పొరుగామె పుస్తకముమీద బీడీలు చుట్టు స్త్రీ, భృతికై వెళ్ళి పి.ఎఫ్. నంబరు చెప్పలేకపోయిన నాడు, ఇరువదియేండ్లు వ్రేళ్ళరుగ చుట్టినదంతయు సరదాకు చేసినదిగా తేలిపోవును. ఈ బీడీ విషయమున సర్కారువారి సమదృష్టియు ప్రశంసనీయమే: ఒక శాఖ బీడీపై పన్ను కోరును, వేరొకటి బీడీ చుట్టినందులకు భృతి నిచ్చును, ఇంకొకటి 2016 నుండి ఆ బీడీ కట్టపై నూటికి ఎనుబదియైదు పాళ్ళ స్థలమున రోగపుబొమ్మతో కూడిన హెచ్చరిక వేయించును.

కోడలు కండెలు చుట్టును. ఆమెకు కూలి లేదు. కాని ఇంటి వ్యాపారమున సహాయపడునది గనుక, చిల్లికాసు ముట్టకుండగనే ఉద్యోగవంతురాలు. పెద్దకొడుకు దుబాయిలో నున్నాడు. ఆ ఇంటి అప్పు తీర్చునది, పిల్లల బడిఫీజు కట్టునది వాడు పంపు సొమ్మే యైనను, ఆరునెలలకు మించి ఇంట లేనివాడు గనుక ఇంటి లెక్కలో వాడు ఉద్యోగియు కాడు, నిరుద్యోగియు కాడు, అసలు లేడు. ఇక బి.టెక్. చదివిన చిన్నవాడు ఉద్యోగపరీక్షలకు ఏండ్ల తరబడి చదువుచు, మేనమామ ఊరికి వెళ్ళినప్పుడు ఆయన సెల్‌ఫోన్ల దుకాణములో ఒక గంటసేపు గల్లాపెట్టె యొద్ద కూర్చుండెననుకొందము. గడచిన ఏడుదినములలో ఏనాడైనను ఒక గంట పనిచేసినవాడు ఆ వారమునకు ఉపాధి కలవాడేయని జాతీయ గణాంక కార్యాలయమువారి వారపు నిర్వచనము. ఒక్క గంటతో నిరుద్యోగమును నిర్మూలించు ఈ ఔషధము చరకునికి తెలియదు, సుశ్రుతునికి తెలియదు. 2025 మే నుండి ఈ వైద్యుల నివేదిక నెలనెలా వెలువడుచున్నది. రోగి కుదుటపడినట్లే దానియందుండును.

అయినను ఈ పండితులందరు గమనింపని రంగమొకటి సిరిసిల్లలో కలదు. దాని పేరు ఆర్డరు. 2017 లో ప్రభుత్వమునుండి బతుకమ్మ చీరల ఆర్డరు రాగా ఊరంతయు పరిశ్రమ యయ్యెను. 2024 లో అది నిలిచిపోగా ఊరంతయు విశ్రాంతి యయ్యెను. పిమ్మట స్వయంసహాయక సంఘముల మహిళలకై చీరలనగా సాంచెలు మరల గొంతు సవరించుకొనెను. ఎన్నికల ఋతువున నైతే చెప్పనక్కరలేదు. ఇచ్చటి తెల్లగుడ్డకు ఏ రంగు అద్దిన ఆ పార్టీ జెండాయు, కండువాయు నగును. బద్ధవైరులైన నాయకులు వేదికలెక్కి ఒకరినొకరు దూషించుకొనునప్పుడు వారి మెడలలో వ్రేలాడునది ఒక్క సాంచె బట్టయే కావచ్చును. ప్రజాస్వామ్యము జౌళిరంగమునకు చేయు మేలు ఇంతటిదని ఏ రాజనీతి గ్రంథమునను వ్రాయబడలేదు.

ఈ ప్రజలను జనగణనలో కడపట లెక్కించినది 2011 లో. 2021 లో లెక్కింపవలసినవారు లెక్కింపలేదు. రాజన్న సిరిసిల్ల జిల్లా 2016 అక్టోబరులో పుట్టినది. అనగా జనులను గడులలో పెట్టిననాటికి ఆ జిల్లాయే లేదు. పుట్టని జిల్లాలో ఏ రంగమున ఎందరున్నారని యడిగిన, కరీంనగరు పాత లెక్కను కత్తిరించి కుట్టి చూపుదురు. నేతగాండ్రు ఊరిలో కత్తెరపని తప్పు కాదు. అప్పులు తాళలేక ఉరిత్రాడును ఆశ్రయించిన నేతన్నలను మాత్రము ఏ రంగమున చేర్చిరో వెదకితిని; వారు పోలీసుఠాణా పుస్తకమునకు బదిలీ యైరి, పట్టికలో వారి స్థానము సున్నకు సున్నయై సరిపోయినది.

తుదకు ప్రభుత్వమువారికి ఒక విన్నపము. రాబోవు గణనలకు ఎన్యూమరేటర్లుగా ఉపాధ్యాయులను బడి మాన్పించి పంపుట వృథా. ఈ పని నిరుద్యోగులకే యొప్పగింపుడు. పలకబలపముల స్థానమున ఒక్కొక్కనికి ఒక్కొక్క ట్యాబునిచ్చి, నిరుద్యోగులెందరో తేల్చి రమ్మని ఉదయమున పంపినచో, మొదటి గంట ముగియునప్పటికి లెక్కింపదగినవాడు రాష్ట్రములో ఒక్కడును మిగులడు.