షెడ్యూల్ హెచ్ గారికో బహిరంగ లేఖ

మహారాజశ్రీ షెడ్యూల్ హెచ్ గారి సముఖానికి,

గజ్జల్లో తామరతో నాలుగు నెలలు వేగిన ఒక పౌరుడు ఒక చేత్తో గోక్కుంటూ, మరో చేత్తో రాసుకుంటున్న విన్నపం.

అయ్యా, తమరు 1945 నాటి ఔషధ నిబంధనల్లో కొలువున్నవారు. డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదన్నది తమరి శాసనం. దాన్ని నేను చదివాను కూడా. ట్యూబు ఖాళీ అయ్యాక మడతలు విప్పి, మా అమ్మాయి ఫోనులో ఫొటో తీసి పెద్దది చేస్తే కనబడింది.

మా వీధి మందుల షాపులో చీటీ ఊసే లేదు. "అన్నా, ఇక్కడ దురద" అని గుసగుసలాడితే, అంతే గుట్టుగా ట్యూబు చేతిలో పెట్టాడు. చూపించే మొహం నాకు లేదు, చూపించమనే ధైర్యం అతనికీ లేదు. అందులో ఫంగస్ మందు, యాంటీబయాటిక్, వాటితోపాటు ఘాటైన స్టెరాయిడు. చర్మం ఎర్రబడి, వాచి చేసే గొడవను స్టెరాయిడు జోకొడుతుంది. రెండ్రోజుల్లో దురద మాయం! ఫంగస్ మాత్రం అడ్డు చెప్పేవాళ్లు లేక తొడలదాకా పాకింది. మానేస్తే రెట్టింపు మంట, పూస్తే హాయి. చివరికి స్కిన్ డాక్టరు దగ్గరికి వెళ్తే, గుండ్రటి అంచు చెరిగిపోయి ఇది తామరో కాదో పోల్చలేక ఆయన చర్మం గీకి పరీక్షకు పంపారు. తొడల మీద పురిటి చారల్లాంటివి మిగిలాయి. పూర్తిగా పోవట.

మందును తిట్టడం లేదండీ. మా తమ్ముడి మోచేతుల సోరియాసిస్ ఇలాంటి స్టెరాయిడే అయిన క్లోబెటసాల్‌తోనే అదుపులోకి వచ్చింది. డాక్టరు చెప్పిన రెండు వారాలే, అదీ కొలిచి. వేలి చివరి కణుపు పొడవున పిండితే అరగ్రాము, రెండు అరచేతులంత చోటికి సరి. మా వదినది ఇంకో తంతు. స్టెరాయిడన్న మాటకే జడిసి, బాబు ఎగ్జిమాకు డాక్టరిచ్చిన తేలికపాటి హైడ్రోకార్టిసోన్‌ని గూట్లో దాచింది. వాడు రాత్రంతా గోక్కుంటున్నాడు.

పైపూతలంటే తమరికి మొదట్నుంచీ చిన్నచూపే. చీటీ అక్కర్లేదని వాటికిచ్చిన మినహాయింపును 14 స్టెరాయిడ్ల విషయంలో 2018 మార్చిలో తీసేశారు. ఆ కబురు మా వీధి మలుపు దగ్గర దారి తప్పినట్టుంది. ఎవరినైనా పంపండి. కుదరకపోతే ట్యూబు మీద అక్షరాలైనా కాస్త లావుగా వేయించండి.

ఇట్లు,
తమ విధేయుడు

తా.క.: షాపతను నిన్న కనబడి, ఇంకో ట్యూబు ఇవ్వనా అన్నాడు. పాత కస్టమర్ననట, పది రూపాయలు తగ్గిస్తాడట.