గ్యాస్ కారు మీద నడిచే తప్పుడు సలహాలు

పెట్రోలు కారుకు ఎల్పీజీ గ్యాస్ కిట్ వేయించాలనుకుంటున్నానని ఆస్పరి బస్టాండు దగ్గర టీకొట్టులో ఒక్క మాట అని చూడండి. టీ గ్లాసు చేతికి వచ్చేలోపే సలహాలు వచ్చి పడతాయి. చెప్పేవాళ్లంతా మన మేలు కోరేవాళ్లే. అయినా ఆ సలహాల్లో సగం పాటిస్తే ఇంజిన్ హెడ్డు పోతుంది, ఒకటి రెండు పాటిస్తే మనిషే పోతాడు. గ్యాస్ వల్ల పాడైందని చెప్పే ఇంజిన్లలో చాలావాటిని పాడు చేసింది ఈ సలహాలేనని నా నమ్మకం. అందుకే ఇక్కడ ఎక్కువగా వినపడేవి తీసుకుని, ఎక్కడ తప్పో చెబుతాను.

"గ్యాస్ మీద తిప్పితే బోరు అరిగిపోతాదప్పా, ఏడాదికే రీబోరు" అన్నది అందరికంటే ముందు వచ్చే మాట. ఇది తలకిందుల మాట. పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు పెట్రోలు పూర్తిగా ఆవిరి కాదు. చుక్కలుగానే వెళ్లి సిలిండరు గోడలకు తగులుతుంది, అక్కడున్న పలచటి ఆయిల్ పొరను కడిగేస్తుంది. కొంత రింగుల సందుల్లోంచి జారి కింద సంపులోని ఆయిల్‌లో కలుస్తుంది. ఎల్పీజీ ఇంజిన్‌లోకి వెళ్లేసరికే ఆవిరి. గోడలను కడిగేది లేదు, ఆయిల్‌ను పలచన చేసేది లేదు, మసి కూడా తక్కువ. మిగతావన్నీ సరిగా ఉంటే బోరు, రింగులు పెట్రోలు కన్నా గ్యాస్ మీదే ఎక్కువ కాలం నిలుస్తాయి.

మరి మన దగ్గర గ్యాస్ బండ్లకు బోరు ఎందుకు పోతోంది? ఇంకో సలహా వల్ల. "పికప్ రావడం లేదా? ఎయిర్ ఫిల్టర్ తీసేసి నడుపు." ఆలూరు వైపు పోయినా పత్తికొండ వైపు పోయినా ఎండాకాలం నల్లరేగడి దుమ్ము ఎట్లా లేస్తుందో మనకు తెలుసు. ఫిల్టర్ లేని ఇంజిన్ ఆ దుమ్మునంతా లోపలికి పీలుస్తుంది. అది ఆయిల్‌తో కలిసి రింగుల మధ్య సాన పట్టినట్టు బోరును తినేస్తుంది. పికప్ తగ్గిన మాట నిజమే కావచ్చు. గాలిని గ్యాస్‌ను మిక్సర్‌లో కలిపే పాత కిట్లలో ఫిల్టర్ మూసుకుపోతే గాలి తగ్గి గ్యాస్ పాలు పెరుగుతుంది, బండి ఈడ్చుకుంటూ పోతుంది. దానికి కొత్త ఫిల్టర్ వేస్తే చాలు. కంపెనీ పుస్తకంలో చెప్పిన దానికి సగం కిలోమీటర్లకే మార్చండి, మన రోడ్లకు అదే లెక్క.

"ఆయిల్ తేనెరంగులోనే ఉంది కదా, ఇంకో ఐదువేలు నడుపు" అనేవాళ్లూ ఉన్నారు. గ్యాస్ మీద ఆయిల్ అంత తొందరగా నల్లబడదు, నిజమే. కానీ వేడికి ఆయిల్‌లోని మందులు అయిపోతూనే ఉంటాయి. రంగు చూడకండి, మీటర్ చూసి మార్చండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. గ్యాస్ ఇంజిన్‌లో అరిగేది బోరు కాదు, వాల్వు సీటు. ముఖ్యంగా ఎగ్జాస్టు వాల్వుది. ఇంజిన్ మూడువేల ఆర్పీఎం మీద తిరుగుతుంటే ఒక్కో వాల్వు సెకనుకు 25 సార్లు సీటు మీద వచ్చి కొట్టుకుంటుంది, అదీ నిప్పులాంటి వేడిలో. పూర్వం పెట్రోలులో సీసం కలిపేవాళ్లు. అది కాలి సీటు మీద సన్నటి పొరగా పేరుకుని మెత్తలా పనిచేసేది. మన దేశంలో 1995లో మహానగరాల్లో సీసం లేని పెట్రోలు వచ్చింది, 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా అదే. అందుకే ఆ తర్వాతి ఇంజిన్లకు గట్టి లోహపు సీట్లు వేస్తున్నారు. గ్యాస్ ఇంకా పొడి ఇంధనం. సీటు మీద దాని పొర ఏమీ మిగలదు, పెట్రోలు చుక్కలు ఆవిరవుతూ ఇచ్చే చల్లదనమూ ఉండదు. కాగిన వాల్వు సీటుకు సూదిమొనంత మేర అతుక్కుని, లేచేటప్పుడు కాస్త లోహాన్ని పెరుక్కుని లేస్తుంది. అట్లా రోజూ కొంచెం కొంచెంగా వాల్వు హెడ్డులోకి దిగిపోతుంది.

ఇక్కడే అన్నిటికన్నా ప్రమాదమైన ఓదార్పు మాట ఒకటుంది. "గ్యాస్ వేసినాక ఇంజిన్ ఎంత సైలెంట్ అయిందో చూడు, ట్యాపెట్ శబ్దమే లేదు!" సంతోషించకండి. వాల్వు పైకి, అంటే హెడ్డులోకి పోయేకొద్దీ దాని కాడ రాకర్ వైపు జరుగుతుంది. మధ్యలో ఉండాల్సిన సందు మూసుకుపోతుంది. సందు ఉంటేనే టకటక శబ్దం, సందు పోతే నిశ్శబ్దం. సందు పూర్తిగా పోయిన రోజు వాల్వు పూర్తిగా మూసుకోదు. ఆ సన్నటి చీలికలోంచి మండే గ్యాస్ దూసుకుపోయి వాల్వు అంచును కోసేస్తుంది. మొదట ఐడిల్‌లో ఒక సిలిండరు మిస్ అవుతుంది, తర్వాత గేరు మార్చినా ఎత్తు ఎక్కదు. హెడ్డు దించి చూస్తే మిగతా వాల్వులు సీటులో సరిగా కూర్చుని ఉంటాయి, ఒకటి మాత్రం గుంటలోకి దిగిపోయి, అంచున ముక్క కాలిపోయి కనిపిస్తుంది.

దీనికి మందు చాలా చౌక. చల్లటి ఇంజిన్ మీద కవరు విప్పి, ఫీలర్ గేజి పెట్టి సందు చూడటమే. కిట్ వేయించిన కొత్తలో ఐదువేల కిలోమీటర్లకోసారి చూపించి, కొలత పుస్తకంలో రాయించుకోండి. పోయినసారి దూరిన గేజి ఆకు ఈసారి దూరకపోతే సీటు దిగుతోందని అర్థం. రెండు మూడు కొలతలు వరసగా మారకుండా ఉంటే ఆ ఇంజిన్‌కు గ్యాస్ పడింది, అప్పుడు పదివేలకోసారి చూసినా సరిపోతుంది. హైడ్రాలిక్ ట్యాపెట్లున్న ఇంజిన్లు ఈ అరుగుదలను చాలాకాలం దాచిపెడతాయి, వాటికి కంప్రెషన్ చూపించాలి. ఒకవేళ సీట్లు పోయి హెడ్డు దించాల్సి వస్తే, గట్టి సీట్లు, గ్యాస్‌కు సరిపోయే వాల్వులు వేయమని లేతు షాపులో గట్టిగా చెప్పండి. మామూలువే వేస్తే మళ్లీ అదే కథ.

సీట్లను తొందరగా చంపే సలహా ఇంకొకటి: "స్క్రూ కొంచెం టైట్ చేస్తా, మైలేజీ చూడు." మిక్సర్‌కు పోయే గొట్టం మీది స్క్రూ బిగిస్తే గ్యాస్ తగ్గుతుంది, గాలి పాలు పెరుగుతుంది. ఒకటి రెండు కిలోమీటర్లు మిగిలినట్టు కనిపిస్తుంది. కానీ మిశ్రమం నిదానంగా కాలి, వాల్వు తెరుచుకునేసరికి ఇంకా మండుతూనే ఉంటుంది, ఆ వేడంతా ఎగ్జాస్టు వాల్వు మోయాలి. లీటరు గ్యాస్‌లో లీటరు పెట్రోలు కన్నా శక్తి దాదాపు పాతిక శాతం తక్కువ. పెట్రోలు మీద 15 ఇచ్చే బండి గ్యాస్ మీద 12 ఇస్తే అది సరైన సెట్టింగు. స్క్రూ చెవితో తిప్పేది కాదు, పొగ కొలిచే యంత్రం పెట్టి తిప్పేది.

"మన ఎండకు థర్మోస్టాట్ ఎందుకు, తీసేయ్" అనే మాట పెట్రోలు బండ్లకూ చెబుతారు, గ్యాస్ బండికి అది మరీ చేటు. ద్రవంగా వచ్చిన గ్యాస్‌ను ఆవిరి చేసే వేపరైజరుకు వేడి రేడియేటరు నీళ్ల నుంచే వస్తుంది. థర్మోస్టాట్ లేకపోతే నీళ్లు వేడెక్కడానికి చాలా సేపు పడుతుంది, వేపరైజరు బయట మంచు పట్టేస్తుంది. పైగా ఆ రేడియేటరులో పోసేది బోరుబావి నీళ్లే. మన ఉప్పు నీళ్లకు సున్నం పేరుకుని వేపరైజరు సందులు మూసుకుపోతాయి. ఆ నీళ్లకు బదులు కూలెంట్ పోయండి, దాని డబ్బా ఖరీదు వేపరైజరు ఖరీదులో చాలా చిన్న భాగం.

వేపరైజరుకు వేడి కావాలి కాబట్టే పొద్దున స్టార్టింగు పెట్రోలు మీదే చేయాలి, ఇంజిన్ వేడెక్కాక గ్యాస్‌కు మార్చాలి. "గ్యాస్ ఉండగా పెట్రోలు ఎందుకు దండగ" అని ట్యాంకు ఎండబెట్టేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఇంజెక్షన్ బండ్లలో పంపు ట్యాంకు లోపలే ఉంటుంది, పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. ఎండిన ట్యాంకులో తిరిగితే కాలిపోతుంది. ఎప్పుడూ పావు ట్యాంకు ఉంచండి, వారానికోసారి పది కిలోమీటర్లు పెట్రోలు మీద తిప్పండి. ప్లగ్గులు, ప్లగ్ వైర్లు కూడా పెట్రోలు కన్నా ముందుగా మార్చాలి. గ్యాస్ మిశ్రమం అంటుకోవడానికి స్పార్కుకు ఎక్కువ వోల్టేజి కావాలి. స్పార్కు బలహీనపడితే మంట వెనక్కి తన్ని ఎయిర్ ఫిల్టర్ డబ్బా పగులుతుంది.

ఇక చివరి సలహా, నేను కోపం లేకుండా రాయలేనిది. "ఇంట్లో సిలిండరు ఉంది కదా, ఓమ్నీ వెనక పెట్టేయ్." వంట గ్యాస్‌ను బండికి వాడటం 2000 నాటి ఎల్పీజీ సరఫరా ఉత్తర్వు ప్రకారం నేరం. చట్టం పక్కన పెట్టినా, 14.2 కిలోల ఎర్ర సిలిండరు బండి కోసం చేసింది కాదు. కారు ట్యాంకుకు ఉండే వాల్వు 80 శాతం నిండగానే నింపడం ఆపేస్తుంది, గొట్టం తెగితే తనే మూసుకుంటుంది, వాల్వు చుట్టూ ఉండే మూతపెట్టె లీకైన గ్యాస్‌ను డిక్కీ బయటికి పంపుతుంది. సిలిండరుకు ఇవేవీ లేవు. నిలబెడితే పై నుంచి ఆవిరి మాత్రమే వస్తుంది, కిట్‌కు కావాల్సింది ద్రవం. అందుకని పడుకోబెడతారు, అడుగున ఉన్న జిడ్డంతా వేపరైజరులోకి వస్తుంది. ఇంకొందరు సిలిండరు నుంచి కారు ట్యాంకులోకి మోటారు పెట్టి ఎక్కిస్తారు. గ్యాస్ ద్రవం ఒక్కో డిగ్రీకి వెయ్యికి మూడు పాళ్ల దాకా వ్యాకోచిస్తుంది. తెల్లవారుజామున గొంతు దాకా నింపిన దానికి మధ్యాహ్నం నలభై దాటిన ఎండలో విస్తరించే చోటు ఎక్కడుంది? ఎక్కించేటప్పుడు కారిన గ్యాస్ గాలి కన్నా బరువు, నేలను పట్టుకుని పాకుతుంది, ఎక్కడో ఉన్న స్టవ్వునో బీడీనో అందుకుంటుంది. చిన్నపిల్లలు స్కూలుకు పోయే వ్యానుల్లో కూడా ఈ పని చేసేవాళ్లున్నారు. అట్లాంటి వ్యాను అని తెలిస్తే పిల్లల్ని ఎక్కించకండి, డ్రైవరుతో మొహమాటం వద్దు.

వేయించేట్టయితే అనుమతి ఉన్న కిట్, ఐఎస్ఐ ముద్ర ఉన్న ట్యాంకు పెట్టించండి. రవాణా శాఖ కార్యాలయంలో ఆర్సీ మీద ఇంధనం మార్పు రాయించండి, ఇన్సూరెన్సు వాళ్లకు చెప్పండి. ట్యాంకును ఐదేళ్లకోసారి పరీక్షకు పంపాలి. మీరు తిరిగే దారిలో ఆటో ఎల్పీజీ బంకు ఎక్కడుందో ముందే చూసుకోండి. అది దూరమైతే, గ్యాస్ కోసమే అంత దూరం పోయి వచ్చే ఖర్చు కూడా లెక్కలో వేయాలి.

లెక్క ఎట్లాగంటే, పెట్రోలు 110, గ్యాస్ 70 అనుకుందాం. పెట్రోలు మీద 15 ఇచ్చే బండికి కిలోమీటరుకు 7.33 రూపాయలు, గ్యాస్ మీద 12 ఇస్తే 5.83. మిగిలేది రూపాయిన్నర. కిట్‌కు ముప్పై వేలు పెడితే, అది తిరిగి రావడానికే ఇరవై వేల కిలోమీటర్లు నడపాలి. రోజూ ఆదోనికో ఎమ్మిగనూరుకో కిరాయి తోలేవాళ్లకు ఏడాదిలోపే వచ్చేస్తుంది. సంతకు, పెళ్లిళ్లకు మాత్రమే బయటికి తీసే కారుకు నాలుగేళ్లయినా రాదు. అట్లాంటి కారును పెట్రోలు మీదే ఉండనివ్వండి.