హీటర్ కోర్ ఆత్మకథ

కారు డ్యాష్‌బోర్డు వెనక, చేయి దూరని చోట, అడుగు పొడవైనా లేని ఓ చిన్న రేడియేటర్ ఉంటుంది. దాని పేరు హీటర్ కోర్. తన కథ తానే చెప్పుకుంటున్న ఈ కోర్ అమెరికాలోని మిన్నెసోటాలో తిరిగిన ఒక సెడాన్ కారుది. సన్నని అల్యూమినియం గొట్టాలు, వాటి మధ్య పల్చటి రేకులు: పుట్టుక గురించి ఇంతకు మించి చెప్పడానికి లేదు. చెప్పుకోవలసింది చేసిన పని గురించే.

ఇంజన్‌లో కాలే పెట్రోలు శక్తిలో సుమారు మూడో వంతే కారును నడుపుతుంది. మిగిలిందంతా వేడిగా పోతుంది. ఆ వృథా వేడిని మోసుకొచ్చే కూలెంట్ 90 డిగ్రీలకు అటూ ఇటూగా ఒక హోస్ గుండా కోర్‌లోకి వచ్చి, ఇంకో హోస్ గుండా తిరిగి పోతుంది. బ్లోయర్ తోసే గాలి రేకుల సందుల్లోంచి దూరి వేడెక్కుతుంది. మైనస్ 20 డిగ్రీల ఉదయాల్లో అద్దం మీది మంచు కరిగించింది, వెనక సీట్లో పసిపిల్లలను వెచ్చగా ఉంచింది ఈ కోరే. చుక్క పెట్రోలు కూడా అదనంగా అడగకుండా చేసిన చాకిరీ అది. ఆ గర్వం దానికి ఇప్పటికీ ఉంది.

చల్లగాలి రాగానే అందరూ హీటర్ పాడైందనే అంటారు. చాలాసార్లు అది అన్యాయమైన మాట. ముందు చూడవలసింది కూలెంట్ మట్టం. ఇంజన్ పూర్తిగా చల్లారాకే మూత తీయాలి. వేడి మీద తీస్తే కూలెంట్ ఎగజిమ్మి ఒళ్లు కాలుతుంది. మట్టం తగ్గితే వ్యవస్థలో గాలి చేరుతుంది, అది తరచు కోర్‌లోనే తిష్ఠ వేస్తుంది. కారు ఆగి ఉన్నప్పుడు చల్లగా, పరుగులో వెచ్చగా వస్తుంటే మొదటి అనుమానం ఇలా చేరిన గాలి మీదే. కూలెంట్‌ను తిప్పే పంపు బలహీనపడినా ఇలాగే ఉంటుంది. నింపిన కూలెంట్ మళ్లీ మళ్లీ తగ్గుతుంటే ఎక్కడో కారుతోందన్నమాట. గాలి తీసేశాక కూడా బుడగలు ఆగకపోతే హెడ్ గ్యాస్కెట్‌ను పరీక్షించాలి.

తరవాత ఉష్ణోగ్రత ముల్లు. ఎంత దూరం నడిపినా అది కిందనే ఉంటే కూలెంట్ దారిని తెరిచి మూసే థర్మోస్టాట్ తెరుచుకుని బిగుసుకుపోయి ఉండవచ్చు. ఇంజనే వేడెక్కనప్పుడు కోర్ ఏం చేయగలదు?

అన్నిటికంటే తేటగా నిజం చెప్పేవి ఆ రెండు హోసులే. ఇంజన్ వేడెక్కాక, తిరిగే బెల్టుకూ ఫ్యానుకూ దూరంగా చేయి పెట్టి, జాగ్రత్తగా తాకి చూడాలి. రెండూ వేడిగా ఉంటే కోర్‌లోకి వేడి వస్తున్నట్టే. అప్పుడు లోపం సాధారణంగా చల్లగాలినీ వేడిగాలినీ కలిపే తలుపుది, లేదా దాన్ని తిప్పే చిన్న మోటారుది. డ్యాష్‌బోర్డు వెనక టకటక చప్పుడు వస్తే మోటారులో పళ్లు అరిగి ఉంటాయి. రెండూ చల్లగా ఉంటే వేడి కూలెంట్ అక్కడిదాకా రావడం లేదు; హీటర్ వాల్వు ఉన్న కార్లలో దాన్నీ చూడాలి. ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉంటే చాలావరకు కోర్ పూడుకుపోయినట్టే.

ఈ కోర్ పూడిపోయింది. పూడ్చినవాళ్లు యజమానులే. ఒకరు కూలెంట్ మార్చవలసిన గడువులన్నీ దాటించారు. తరవాతివారు కుళాయి నీళ్లు పోశారు, ఒకదానికొకటి సరిపడని కూలెంట్లు కలిపారు, రేడియేటర్ కారుతుంటే లీకు ఆపే మందు పోశారు. ఆ మందు చిల్లును మాత్రమే వెతుక్కుని వెళ్లదు. సన్నని గొట్టం ఎక్కడుంటే అక్కడా పేరుకుంటుంది. సకాలంలో రెండు హోసులూ ఊడదీసి, బయటికి పోయే వైపు నుంచి తక్కువ ఒత్తిడితో నీళ్లు ఎదురు పంపితే చాలావరకు మడ్డి వచ్చేసేది. అది ఎవరూ చేయలేదు. రెండు హోసులనూ ఒకదానికొకటి కలిపేసి, కోర్‌ను పక్కన పెట్టేశారు. ఇంజన్ నడుస్తూనే ఉంది, బ్లోయర్ తిరుగుతూనే ఉంది. కోర్ గుండా చుక్క కూలెంట్ పారలేదు. పనికి పుట్టిన వస్తువుకు పని లేకుండా బతకడం కన్నా కష్టం లేదు.

ఆ స్థితిలోనే కారు ఆగస్టులో చదువుకోవడానికి వచ్చిన ఒక తెలుగు విద్యార్థి చేతికి వచ్చింది. ఎండాకాలంలో పాత కారు కొనేవారు ఏసీ చూస్తారు, టైర్లు చూస్తారు. హీటర్‌ను కూడా పూర్తి వేడికి తిప్పి కాసేపు నడిపి చూడాలి. చూడకపోతే నవంబరులో అద్దం లోపలి వైపు మంచు పట్టి, దారి కనబడక ప్రమాదం ముంచుకొస్తుంది. చలి ఒక్కటే కాదు భయం.

విద్యార్థి కారును తీసుకెళ్లిన చోట మెకానిక్ హోసులు మళ్లీ బిగించగానే కోర్‌లో చిల్లు బయటపడింది. గుర్తులు ఎవరైనా పట్టగలిగేవే: కారులో తీపి వాసన, అద్దం మీద జిడ్డుగా అంటుకునే మసక, ముందు సీట్లో కాళ్ల దగ్గర తడిసిన తివాచీ. ఇక మార్చక తప్పదు. కోర్ ఖరీదు తక్కువ. చాలా కార్లలో డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి గనక కూలి ఎక్కువ. పాత కోర్‌ను స్క్రాపు డబ్బాలో వేశారు. పారబోసే కూలెంట్‌ను మాత్రం నేల మీద వదలకూడదు: అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, నాకిన కుక్కలూ పిల్లులూ చనిపోవచ్చు. మూత ఉన్న డబ్బాలో పట్టి, వాడిన కూలెంట్‌ను తీసుకునే కేంద్రానికి ఇవ్వాలి.

కొత్త కోర్ బిగించాక తయారీదారు చెప్పిన రకం కూలెంటే పోయాలి; నీళ్లు కలపని చిక్కటిదైతే స్వేదనజలంతో సగం సగం కలిపి పోయాలి. హీటర్‌ను పూర్తి వేడిలో ఉంచి ఇంజన్ నడిపి, కారు పుస్తకంలో చెప్పిన పద్ధతిలో గాలి తీసేయాలి. మర్నాడు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మట్టం చూసి, తగ్గినంత నింపాలి.