రాజుగారి అభ్యంతరం

వెబ్‌సైటు ఎవరు పెట్టినా వెనకాల ఒక ఇంటి ఓనరు ఉంటాడు. సర్వరు అతనిది, కరెంటు అతనిది. ఎవరైనా ఒక లాయరు నోటీసు పంపితే చాలు, గొడవ మనకెందుకులే అని మన సామాను వీధిలో పెట్టేస్తాడు. అందుకే ప్రభుత్వాన్ని తిట్టేవాడికీ, పేకాడించేవాడికీ, దొంగ సినిమాలు పంచేవాడికీ వెతుకులాట ఒక్కటే: దేనికీ వద్దనని హోస్టు ఎక్కడున్నాడు?

2000లో ర్యాన్ లాకీ అనే అమెరికా కుర్రాడు దొరికాడన్నాడు. ఎంఐటీ చదువు మధ్యలో వదిలేసినవాడు, ఇరవై దాటిందో లేదో. ముందు కరీబియన్ దీవి అంగ్విల్లాలో మకాం వేసి చూశాడు. అక్కడా ఒక ప్రభుత్వం ఉంది. ప్రభుత్వమంటూ ఉంటే ఇవాళ కాకపోతే రేపైనా తలుపు తడుతుంది.

దాంతో మిత్రులతో కలిసి ఇంగ్లండు దాటి సముద్రంలోకి వెళ్లాడు. సఫోక్ తీరానికి సుమారు ఏడు మైళ్ల అవతల, రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళం కట్టి వదిలేసిన కోట ఒకటుంది. రెండు బోలు కాంక్రీటు స్తంభాలు, వాటి నెత్తిన ఇనుప అరుగు. నాలుగడుగులు వేస్తే దేశం అయిపోతుంది. అవును, దేశమే. పేరు సీలాండ్. రాజు, రాణి, జెండా, పాస్‌పోర్టు, తపాలా బిళ్లలు అన్నీ ఉన్నాయి. గుర్తించిన దేశమే లేదు. అయితే అది తమ పరిధిలోకి రాదని 1968లో ఒక ఇంగ్లండు కోర్టు చెప్పింది. లాకీకి కావలసింది ఆ ఒక్క ముక్కే. బ్రిటన్ తన సముద్రపు హద్దును మూడు మైళ్ల నుంచి పన్నెండుకు జరుపుకున్న 1987 నాటి సంగతి పెట్టుబడి పెట్టినవాళ్లకు ఎంత గట్టిగా చెప్పారో మరి!

కంపెనీ పేరు హేవెన్‌కో. నిబంధనలు ఒక చీటీ మీద పట్టేస్తాయి: పిల్లల అశ్లీల చిత్రాలు కుదరవు, స్పామ్ కుదరదు, ఇక్కణ్ణుంచి హ్యాకింగ్ కుదరదు. తక్కినదేదైనా మీ ఇష్టం. 'వైర్డ్' పత్రిక ముఖచిత్ర కథనం వేసింది. సర్వర్ల గదులు నైట్రోజన్‌తో నింపేస్తామని, ముసుగు లేకుండా లోపలికి వెళ్లినవాడు ఊపిరాడక పోతాడని చెప్పుకున్నారు.

నైట్రోజన్ రాలేదు. వచ్చింది డీజిలు, అదీ పడవలో. మనుషులు వచ్చినా పడవలోంచి ఒక ఉయ్యాల పీటలో కూర్చుంటే, పైనుంచి క్రేనుతో బావిలో చేద లాగినట్టు లాగాలి. కింద అలలు, పైన పగలూ రాత్రీ జనరేటరు మోత. వాళ్లు చెప్పుకున్నంత మంది ఖాతాదారులు ఎన్నడూ చేరలేదు. చేరినవాళ్లలో ఎక్కువమంది ఆన్‌లైన్ జూదం వాళ్లే.

చివరికి లాకీ ఒక కొత్త బేరం తెచ్చాడు. డీవీడీ సినిమాలను ఇంటర్నెట్‌లో జనానికి చూపించే వ్యాపారం. ఈ దేశంలో కాపీరైటు చట్టమే లేదు, ఇక తప్పేముంది అన్నాడు. రాజకుటుంబం ససేమిరా అంది. అంతర్జాతీయ చట్టమంటూ ఒకటుందిట. దాన్ని మీరితే తమ రాజ్యం పరువేం కానని!

2002లో లాకీ మూటాముల్లె సర్దుకున్నాడు. వ్యాపారం రాజుగారి చేతికి పోయింది. మరుసటేడు లాస్ వేగాస్‌లో హ్యాకర్ల సభలో లాకీ తన గోడు వెళ్లబోసుకున్నాడు. ప్రపంచంలోని ఏ ప్రభుత్వమూ ముట్టుకోలేదని చాటుకున్న కంపెనీని, ముట్టుకోగలిగిన ఆ ఒక్క ప్రభుత్వమే తీసేసుకుంది. 2008కి కంపెనీ వెబ్‌సైటు కూడా మాయమైంది.

ఇంతకీ చట్టమంటే అంత భయభక్తులున్న ఈ రాజవంశానికి మూలపురుషుడు ప్యాడీ రాయ్ బేట్స్. సైన్యంలో మేజరుగా చేసినవాడు. అరవైల్లో ఇలాంటిదే ఇంకో సముద్రపు కోట ఆక్రమించి, లైసెన్సు లేకుండా రేడియో ఎసెక్స్ నడిపాడు. 1966లో ఇంగ్లండు కోర్టు జరిమానా వేసింది. ఆ కోట తీరానికి మరీ దగ్గరైపోయిందని, చట్టం చెయ్యి అందనంత దూరంలో ఉన్నది చూసుకుని 1967లో దీని మీదికి ఎక్కాడు.

ఎక్కింది మళ్లీ దొంగ రేడియో పెట్టుకుందామనే.