ఐదూ వాడనివాళ్ల ఆరో ఇంద్రియం

మా అండమాన్ నికోబార్ దీవుల్లో ఆదివాసులకు ఆరో ఇంద్రియం ఉందని మెయిన్‌లాండ్ వాళ్లు వచ్చి చెబితేగాని మాకు తెలియలేదు. 2004 డిసెంబర్ 26, ఉదయం 6.29కి భూమి కదిలింది, వెనకే సునామీ వచ్చింది. లిటిల్ అండమాన్‌లో డుగాంగ్ క్రీక్ ఒడ్డున ఉండే ఒంగేలు, నిండా వందమంది కూడా లేని జాతి, ఏ సైరనూ మోగకుండానే మెరక మీదికి వెళ్లిపోయారు. బతికారు. కొద్ది రోజుల్లోనే తీర్పు వచ్చేసింది: అడవి మనుషులకు అతీంద్రియ శక్తి ఉంది, రాబోయేది వాళ్లకు ముందే తెలిసిపోయింది. అక్కణ్ణుంచి ఆ మాట టీవీ చర్చల్లోకీ, గురువుల ప్రవచనాల్లోకీ, వాట్సాప్ శుభోదయాల్లోకీ పాకింది. ఇప్పటికీ పాకుతూనే ఉంది.

జరిగిందేమిటో చూద్దాం. నేల ఊగింది, అది ఒంటికి తెలిసింది. నీళ్లు వెనక్కి తీశాయి. అది కంటికి కనపడింది. ఇలా అయినప్పుడు ఒడ్డున నిలబడకూడదని పెద్దవాళ్లు చెప్పింది చెవిలో ఉంది. మొత్తం మీద మూడు ఇంద్రియాలు ఖర్చయ్యాయి, రెండు మిగిలాయి. ఆరోదాన్ని కదిలించాల్సిన అవసరమే పడలేదు. అదే ఉదయం చదువుకున్నవాళ్లు బోలెడుమంది చాలా తీరాల్లో సముద్రం వెనక్కి పోవడం చూసి, వింత కదా అని ఇంకాస్త ముందుకు నడిచారు. వాళ్లకు లోపించింది దివ్యదృష్టి అంటారా?

ఇండోనేషియాలో సిములూ అనే దీవి ఉంది. ఆ భూకంప కేంద్రానికి దగ్గర్లోనే ఉంది. 1907లో వచ్చిన సునామీ కథను అక్కడి ముసలమ్మలు మనవలకు చెబుతూనే వచ్చారు. 2004లో డెబ్భై వేల పైచిలుకు జనం కొండ ఎక్కారు, ఏడుగురే పోయారు. దాన్ని ఆరో ఇంద్రియం అంటే ఆ ముసలమ్మలు చీపురు తీసుకుంటారు. తొంభై ఏడేళ్లు నోరు నొప్పెట్టేలా చెప్పింది వాళ్లు, పేరు మాత్రం ఆత్మలకా?

ఈ సిద్ధాంతకర్తలు తాకని సంగతి ఒకటుంది. నికోబారీలూ ఆదివాసులే. ఆ ఉదయం ఈ దీవుల్లో మూడున్నర వేల మంది దాకా చనిపోవడమో గల్లంతవడమో జరిగితే, అందులో అత్యధికులు నికోబార్ వైపు వాళ్లే. కార్ నికోబార్ బల్లపరుపు దీవి. ఊళ్లన్నీ ఒడ్డునే, పరిగెత్తి ఎక్కుదామంటే గుట్ట లేదు. దివ్యశక్తి కూడా గుట్ట ఉన్నచోటే పనిచేస్తుందన్నమాట! 2008 డిసెంబర్‌లో అదే డుగాంగ్ క్రీక్‌లో ఒడ్డుకు కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ డబ్బాలోని ద్రవాన్ని సారా అనుకుని తాగి ఒంగేలు కనీసం ఎనిమిదిమంది చనిపోయారు. సముద్రం గురించి తాతలు చెప్పారు. రసాయనాల డబ్బా గురించి చెప్పడానికి ఏ తాతకూ దాని పరిచయం లేదు. ఆ వారం మాత్రం ఆరో ఇంద్రియం మీద ఒక్క వ్యాసమూ నా కంటబడలేదు.

ఎదుటివాడికి తెలివి ఉందని ఒప్పుకోవాలంటే అతని దగ్గర కూర్చుని నేర్చుకోవాలి. అతీంద్రియ శక్తి ఉందని చెబితే ఒక దండం పెట్టి చక్కా పోవచ్చు. రెండోది చవక, పైగా ఫొటో కూడా బాగా వస్తుంది.

ఈ శక్తులను కొలుస్తామని పూనుకున్న విద్య ఒకటుంది: పారాసైకాలజీ. దానికి మన తెలుగునాట పీఠం కూడా వేశారు. మేము ఓడెక్కే విశాఖపట్నంలోనే, 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయం మనస్తత్వశాస్త్రంతో పాటు పారాసైకాలజీకీ ఒక శాఖ తెరిచింది. దాని వెనకున్నది కోనేరు రామకృష్ణారావు గారు. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఈ విద్యకు ఆద్యుడైన జె.బి. రైన్ దగ్గర పనిచేసి వచ్చిన పండితుడు. తర్వాత వైస్ ఛాన్సలరూ అయ్యారు, పద్మశ్రీ కూడా అందుకున్నారు. ఆయన పాండిత్యంతో నాకు తగాదా లేదు. తగాదా ఆ పేకముక్కలతో.

అట్టముక్క మీద ఒక వృత్తం. ఇంకోదాని మీద కూడిక గుర్తు. తర్వాత మూడు అలల గీతలు, చతురస్రం, నక్షత్రం. ఒక్కో రకం ఐదేసి, మొత్తం 25. ముక్క బోర్లించి ఉంటుంది, అదేమిటో మీరు చెప్పాలి. నోటికొచ్చింది చెప్పినా సగటున ఐదు తగులుతాయి. ఎప్పుడూ ఎనిమిదో తొమ్మిదో తగులుతూ ఉంటే శక్తి ఉన్నట్టు. బాగుంది. మరి ఎప్పుడూ రెండో మూడో తగిలితే? అదీ శక్తేనట, కాకపోతే వెనకనుంచి పనిచేస్తోందట. దానికి సై మిస్సింగ్ అని పేరు. శక్తి ఇలా రెండు వైపులా పనిచేస్తుందనేది రామకృష్ణారావు గారి ప్రధాన వాదాల్లో ఒకటి. మొదట్లో బాగా తగిలి పోనుపోను తగ్గితే దానికో పేరు. నమ్మేవాళ్లకు ఎక్కువ, నమ్మనివాళ్లకు తక్కువ తగిలితే ఇంకో పేరు; అందులో నమ్మేవాళ్లు గొర్రెలు, నమ్మనివాళ్లు మేకలు. ఈ పేర్లు పెట్టింది నేను కాదు, గెర్ట్రూడ్ ష్మైడ్లర్ అనే పరిశోధకురాలే. ఫస్ట్‌క్లాస్ వస్తే తెలివి, తప్పితే తలకిందుల తెలివి అనే ఇంటర్ బోర్డు ఉంటే మా వీధి కుర్రాళ్లందరూ డిస్టింక్షన్‌లో పాసయ్యేవాళ్లు.

అయినా వీళ్లకు ఒక నమస్కారం పెట్టాలి. వీళ్లు లెక్క రాశారు. రాసిన లెక్క వీళ్లనే పట్టించింది, అది వేరే సంగతి. ప్రార్థన శక్తికీ ఇలాగే లెక్క కట్టినవాళ్లున్నారు. అమెరికాలో గుండె బైపాస్ చేయించుకున్న 1,802 మంది మీద ప్రార్థనను పరీక్షించిన ఫలితాలు 2006లో బయటికొచ్చాయి. తమకోసం ప్రార్థన జరుగుతోందో లేదో తెలియని రెండు గుంపుల్లో, ప్రార్థన జరిగినవాళ్లలో 52 శాతానికి, జరగనివాళ్లలో 51 శాతానికి ఇబ్బందులొచ్చాయి. మీకోసం తప్పకుండా ప్రార్థిస్తున్నామని చెప్పిన గుంపులో 59 శాతానికి వచ్చాయి. ఆపరేషన్ బల్ల మీదున్నవాడికి నలుగురు కూర్చుని దేవుణ్ణి వేడుకుంటున్నారని చెబితే, నా పరిస్థితి అంతదాకా వచ్చిందా అని గుండె జారదూ!

ఇంకా గమ్మత్తైనది ఇజ్రాయెల్‌లో జరిగింది. లైబోవిచి అనే వైద్యుడు 1990ల్లో రక్తంలో ఇన్ఫెక్షన్‌తో ఆసుపత్రిలో చేరిన 3,393 మంది జాబితా తీసి, 2000లో, అంటే వాళ్లు కోలుకోవడమో పోవడమో అయిపోయిన ఏళ్ల తర్వాత, చీటీ వేసి సగం మందికి ప్రార్థన చేయించాడు. ప్రార్థన అందినవాళ్లు ఆసుపత్రి నుంచి త్వరగా బయటపడ్డారని లెక్క తేలింది! క్రిస్మస్ సంచికలో వేళాకోళానికి చోటిచ్చే బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2001లో దాన్ని అచ్చేసింది. పసలేని ఊహను ఎంత చక్కటి గణాంకంతోనైనా అలంకరించవచ్చని చూపడం ఆయన ఎత్తిపొడుపు. రెండేళ్లు తిరిగేసరికి అదే పత్రికలో ప్రార్థన కాలంలో వెనక్కి ప్రయాణించడం సాధ్యమేనని గంభీరంగా వాదించే వ్యాసం వచ్చింది. వ్యంగ్యం రాసేవాళ్ల పొట్టకొట్టడమంటే ఇదే.

ఇక మా ఊళ్లలో స్వస్థత సభల దగ్గరికి వస్తే, అక్కడ లెక్క రాసే పాపానికి ఎవరూ పోరు. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో తెలుగువాళ్లం 50 వేల పైచిలుకు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వేటకీ కూలికీ వచ్చినవాళ్లమే ఎక్కువ. మాతోపాటే తాయెత్తు, విభూతి, అభిషేక తైలం, మంత్రించిన నీళ్లు కూడా ఓడెక్కి వచ్చాయి. మతసామరస్యానికి వీటిని మించిన గుర్తు లేదు. వేదికెక్కి సాక్ష్యం చెప్పేవాడు తగ్గినవాడే. తగ్గనివాడు పోర్ట్‌బ్లెయిర్ పెద్దాసుపత్రి వరండాలో ఉంటాడు, అతని దగ్గరికి మైకు రాదు.

చలిజ్వరాన్నే తీసుకోండి. వైవాక్స్ మలేరియా రోజు విడిచి రోజు వస్తుంది. సాయంత్రం ఒణికినవాడు మర్నాడు లేచి కూర్చుని గంజి తాగుతాడు. ఆ ఖాళీ రోజున తాయెత్తు కట్టినవాడికి గెలుపు అప్పనంగా వచ్చి పడుతుంది. మూడో రోజు మళ్లీ ఒణికితే? విశ్వాసం చాలలేదు, ఇంట్లో ఎవరో అనుమానించారు. సై మిస్సింగ్! అమెరికా పండితులు పేకముక్కలు పట్టుకుని ఏళ్ల తరబడి కనిపెట్టింది మా భూతవైద్యుడు పుట్టుకతోనే ఎరుగును.

నికోబారీలు రోగం తెచ్చే ఆత్మలను బెదరగొట్టడానికి కొయ్యబొమ్మలు చెక్కి ఇళ్లలో నిలిపేవారు. హెంటకోయి అంటారు వాటిని; బ్రిటిష్ మ్యూజియం దాకా వెళ్లాయి. మనవాళ్లు వాటిని చూసి పాపం, ఆదిమ నమ్మకం అంటారు. అని, కోరలూ మీసాలూ గీసిన బూడిదగుమ్మడికాయ వేలాడుతున్న సొంత గుమ్మంలోంచి లోపలికి వెళతారు.

రోగిని వెక్కిరించను. క్యాంప్‌బెల్ బే నుంచి పోర్ట్‌బ్లెయిర్ 500 కిలోమీటర్ల పైమాట. బిడ్డకు మూర్ఛ వచ్చిన రాత్రి హెలికాప్టర్ ఎగరకపోతే, పక్కింట్లో ఉన్న మంత్రగాడే ఆ తల్లికి డాక్టరు. వెక్కిరించాల్సింది ఆ దూరం మీద దుకాణం పెట్టినవాణ్ణి. తాయెత్తుతో, మంత్రంతో, కవచంతో క్యాన్సరో పక్షవాతమో మూర్ఛో నయమవుతుందని ప్రకటన వేయడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. చట్టం కాగితం మీద ఆరోగ్యంగానే ఉంది.

అతీంద్రియ శక్తిని రుజువు చేసినవాళ్లకిస్తానని అమెరికాలో ఐంద్రజాలికుడు జేమ్స్ రాండీ పది లక్షల డాలర్లు బల్లమీద పెట్టి 2015 దాకా ఎదురుచూశాడు, ఎవరూ పట్టుకుపోలేదు. శ్రీలంకలో హేతువాది కోవూరు లక్ష రూపాయలు పెట్టాడు, 1978లో పోయేనాటికి ఆ డబ్బు అలాగే ఉంది. మా దగ్గర అంత సొమ్ము లేదు గాని పరీక్ష ఉంది. ముందుచూపు ఉందనే ఏ స్వామి అయినా, ఏ పరిశోధకుడైనా విశాఖలో కూర్చుని, పోర్ట్‌బ్లెయిర్ ఓడ వచ్చే నెల ఏ తేదీన కదులుతుందో సీలు వేసిన కవర్లో రాసివ్వాలి. ఆ తేదీ ఓడల ఆఫీసు వాళ్లకూ తెలియదు గనుక మోసానికి ఆస్కారమే లేదు. ఒకటే షరతు: ఓడ కదలకపోతే అదీ శక్తేనని పేచీ పెట్టకూడదు. గెలిచినవాళ్లకు బహుమతిగా అదే ఓడలో బంకు టికెట్టు, రానూపోనూ. తిరుగు తేదీ మాత్రం వాళ్లే చూసుకోవాలి.