సంతకభీతి

కృష్ణ కుడిగట్టున, తెనాలికిని రేపల్లెకును నడుమనున్న కొల్లూరు ప్రాంతమున సేద్యము చేయువారు వేరు, రైతులు వేరు. ఇరువురును ఒకరేయని భ్రమించిన అమాయకుడెవడైన పెసర్లంకలోనో పోతార్లంకలోనో అరటితోట గట్టున నిలిచి, మోకాటిబంటి బురదలో పిలకలు కోయుచున్న మనుష్యుని జూపి, ఈతడెవరని రెవెన్యూ దస్త్రముల నడిగినచో, అట్టి ప్రాణి యీ సర్వే నంబరులో లేడని అవి నిస్సంశయముగా బదులు చెప్పును. రైతు హైదరాబాదున నున్నాడు. కొండొకచో డల్లాసున నున్నాడు. ఆయన పాసుపుస్తకము ఇనుపబీరువాలో నున్నది. సంక్రాంతికి వచ్చి, కారు డిక్కీలో ఒక చక్కెరకేళి గెలయు రెండు కందగడ్డలును పెట్టించుకొని పోవుటయే ఆయన చేయు కృషి. (కోహినూరు దొరికినదని ప్రతీతిగల వజ్రాల కొల్లూరు ఇది కాదు, అది పల్నాటిది, నేడు పులిచింతల నీటిలో నున్నది. త్రవ్వినవానికి దక్కకుండుట మాత్రము రెండు కొల్లూళ్లకును ఉమ్మడి సంప్రదాయమే.)

ఈ రైతులోకమును పీడించు రుగ్మత యొకటి కలదు. చెక్కుపైనను, దస్తావేజుపైనను, వీలునామాపైనను అదురు బెదురు లేక నడచు ఆయన కలము, కౌలుదారుడు పంట సాగుదారు హక్కు పత్రమును ముందు పెట్టినంతనే కంపించును. ఏమని యడిగితిమా, “సంతకము పెట్టితే భూమి పోవును” అను మహావాక్యము వెలువడును.

ఆ భూమి ఎట్లు పోవునో విచారింతము. 2011 నాటి చట్టము కౌలుదారునకు ఋణార్హత కార్డు నిచ్చుటకు యజమాని సంతకము నపేక్షింపలేదు. యజమానుల మనఃక్లేశమును చూడజాలకనో ఏమో, 2019లో శాసనకర్తలు పంట సాగుదారు హక్కుల చట్టమును చేసి, ఇకమీదట కార్డు కావలెనన్న యజమాని సంతకముగల ఒప్పందము కావలెననియు, అది 11 నెలలకేననియు, దానివలన పంటపై దప్ప భూమిపై సాగుదారునకు ఏ హక్కును సంక్రమింపదనియు వ్రాసిరి. తొలిగెల కోతకే ఏడాది పట్టు అరటిచెట్టును మాత్రము వారు సంప్రదించినట్లు లేదు. ఇంతటి అభయహస్తము చూపినను భీతి తగ్గలేదు. తెలంగాణములో రక్షిత కౌలుదారులకు భూములు పోలేదా యని వాదింతురు. అది 1950 నాటి హైదరాబాదు రాజ్య శాసనము; కృష్ణ దాటి కొల్లూరు లంకలకు ఎన్నడును రాలేదు. ఇచ్చటికి వచ్చినది ఆంధ్రప్రాంతపు 1956 నాటి కౌలుచట్టము. కౌలుగడువు ఆరేండ్లకు తగ్గరాదని అది ఘోషించినను, కాగితమే వ్రాయని చోట గడువును లెక్కించువాడెవడు? పోనిండు, ఈ కార్డుపై సంతకము చేసి అర సెంటు పోగొట్టుకొన్నవానిని ఒక్కని జూపుడని యడిగినచో, అట్టివాడు ఎల్లప్పుడును మన ఊరివాడు గాక, బావమరిదికి వియ్యంకుడైనవాని ఊరివాడై యుండును.

ఈ భయస్థునకే కూకట్‌పల్లిలో నొక ఫ్లాటు కలదు. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయింపవలెనని 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము శాసించుటచే, ఆ ఖర్చును తప్పించుకొనుటకై, స్టాంపు కాగితముపై సరిగా ఆ 11 నెలలకే ఒప్పందము వ్రాయించి, రెండు నెలల అడ్వాన్సు పుచ్చుకొని, ప్రతి పుట అడుగునను ఆయన ముత్యములవంటి సంతకము చేయును. అందులో నాలుగేండ్లుగా కాపురమున్న సాఫ్ట్‌వేరు ఉద్యోగి ఆ గోడలు తనవని యెన్నడు లేచునోయని ఆయనకు నిద్ర చెడిన దాఖలా లేదు. పైగా రశీదులు లేనిదే పాపమా కుఱ్ఱవానికి ఆదాయపు పన్నులో మినహాయింపు రాదని జాలిపడి, అడుగకయే వ్రాసియిచ్చును. పదునొకండు మాసముల కాగితము మూడవ అంతస్తులో నిరపాయమై, మాగాణిలో ప్రాణాంతకమగుటకు కారణము భూమి కాదు. ఆ భూమి పేరిట వచ్చునవి వేరే కలవు.

పంటఋణమున్నది. పాసుపుస్తకముపై యజమాని దానిని ముందే తీసికొనియుండును గనుక, అదే సర్వే నంబరుపై రెండవ ఋణమెట్లని బ్యాంకువారు కౌలుదారుని త్రిప్పి పంపుదురు. వాడు నూటికి రెండు రూపాయల వడ్డీకి పోవును. ఏటేట కేంద్రమిచ్చు పీఎం కిసాన్ 6,000 రూపాయలున్నవి. అవి భూమిగలవానికే గాని దున్నువానికి గావు. ఇక వరదలున్నవి. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజి నుండి సుమారు 11 లక్షల క్యూసెక్కులు, 2024 సెప్టెంబరులో అంతకు మించి 11.43 లక్షల క్యూసెక్కులు దిగివచ్చి, లంకలలోని అరటి, పసుపు, కంద ఒండ్రుక్రింద పడినప్పుడు, ముందుగానే చెల్లించిన మక్తా (కౌలు) భాగమొక్కటి మాత్రము తడియక యజమాని ఖాతాలో భద్రముగా నుండెను. ప్రభుత్వపు ఈ-పంట నమోదులో సాగుదారుని పేరెక్కని చోట నష్టపరిహారము సైతము త్రోవ తప్పక ఆ ఖాతానే వెదకికొని పోవును. డల్లాసులో మునిగినదేమో మన మెఱుగము.

నిడుబ్రోలు ఆచార్య రంగా వెంట నడచి, జమీందారీలు నశింపవలెనని గొంతులు బొంగురుపోవునట్లు అరచిన తాతల మనుమలు వీరు. 1948 నాటి చట్టముతో జమీందారీలు రద్దయ్యెను. ఏటి కావల చల్లపల్లి జమీయు అందులో పోయెను. పోయినది వేల ఎకరముల జమీందారు. వచ్చినవాడు మూడెకరముల జమీందారు. చల్లపల్లివారికి కనీసము దివాణము, దఫేదారులు, గుమాస్తాలు ఉండిరి. ఈయనకు ఒక సెల్‌ఫోను చాలును.

ఇట్లన్నంతమాత్రమున ఈయనకు కాగితములన్న గిట్టదనుకొనుట అన్యాయము. “కార్డు మీద ఒక్క సంతకం పెట్టండి బాబుగారూ” యని సంక్రాంతినాడు కౌలుదారుడు చేతులు కట్టుకొని నిలిచినప్పుడు, “నీకూ నాకూ మధ్య కాగితాలేమిటయ్యా! మనం ఒక ఇంటివాళ్లం కాదూ?” అని ఆయన కంట తడిపెట్టినంత పని చేయును. ఆ మాట ముగియకమునుపే జేబునుండి ఒక ప్రోనోటు తీయును. వరద యేట బాకీపడిన మిగులు మక్తాకు వ్రాయించినది. మూడేండ్ల గడువు దాటవచ్చినది గనుక తిరుగ వ్రాయింపవలెను. రెవెన్యూ స్టాంపు ఆయనయే తెచ్చెను, కలము ఆయనయే యిచ్చును. సంతకము కౌలుదారుడు చేయును.